ఆ ఏడు నిమిషాల దారి ఎవరిదండీ? రవాణా శాఖలన్నిటికీ కలిపి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే, రోడ్డు రవాణా - జాతీయ రహదారులు, పోర్టులు - షిప్పింగ్ - జలమార్గాలు, పౌర విమానయాన శాఖల మంత్రిగార్లకి, ఆ శాఖల సెక్రటరీలకి, అలాగే రాష్ట్రాల్లో ఆర్టీసీలు, మున్సిపాలిటీలు నడిపిస్తున్న పెద్దలకి,

నమస్కారం అండి. ఇంతమందికి కలిపి ఒకటే లెటర్ ఏంటి అనుకోవచ్చు, విడివిడిగా రాసి చూసా కాబట్టి ఇప్పుడు కలిపి రాస్తున్నా. ఎవరికి రాసినా ఇది పక్క శాఖ పని అన్నారు, ఆ పక్క శాఖని అడిగితే మళ్ళీ మొదటి శాఖ పేరే చెప్పారు, అందుకని అందర్నీ ఒకచోట కూర్చోబెట్టి చెప్పినట్టు ఉంటుందని ఈ పని చేస్తున్నా.

అసలు సంగతి చెప్తా. మొన్న వేసవిలో మా అమ్మని డాక్టర్‌కి చూపిద్దామని బయల్దేరాం. అమ్మకి 71 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. రైలు తెల్లారుజామున నాలుగు దాటాక మూడో ప్లాట్‌ఫాం మీద దింపింది, టైముకే వచ్చింది, దాంట్లో వంక పెట్టేది ఏం లేదు. అక్కడి నుంచి పట్టాల్సిన బస్సు నాలుగూ నలభైకి. లిఫ్ట్ దగ్గరికి వెళ్తే గ్రిల్‌కి తాళం, దానికి 'మరమ్మత్తులో ఉన్నది' అని ఒక అట్టముక్క వేలాడుతోంది, ఆ అట్ట మీద అక్షరాలు కూడా వెలిసిపోయాయి అంటే ఎన్నాళ్ళ నుంచి అలా ఉందో మీరే ఊహించుకోండి. సరే అని మెట్లెక్కాం. అమ్మ నాలుగు మెట్లెక్కడం రెయిలింగ్ పట్టుకుని ఆగడం, నేను రెండు బ్యాగులు కింద పెట్టి ఆవిడ మోచెయ్యి పట్టుకోవడం, వెనకాల జనం "కొంచెం పక్కకి జరగండి పెద్దమ్మా" అంటూ రాసుకుంటూ పోవడం. కిందికి దిగేసరికి ఆవిడ చెయ్యి చల్లబడిపోయింది.

బయటికొస్తే బస్టాండ్ ఎదురుగానే కనపడుతోంది, బోర్డు లైటు కూడా చదవొచ్చు. మామూలు మనిషి నడిస్తే ఏడు నిమిషాలు. కానీ మధ్యలో రోడ్డుకి నడుమెత్తు ఇనప డివైడర్, దాటాలంటే సర్కిల్ దాకా వెళ్ళి తిరిగి రావాలి, ఫుట్‌పాత్ సగం దాకా ఉంది ఆ తర్వాత డ్రైనేజీ పలక లేదు, చీకట్లో ఆ గొయ్యి కనపడదు. ఆటో కోసం చూస్తే దగ్గర బేరం అని ఎవరూ రారు, వచ్చినవాళ్ళు చెప్పే రేటు విని అమ్మ నడుస్తా అంది. మేం బస్టాండ్‌లో అడుగుపెట్టేసరికి మా బస్సు వెనక లైట్లు కనపడ్డాయి. తర్వాతది ఆరుంబావుకి. డాక్టర్ గారి టోకెన్ పోయింది, మళ్ళీ మూడు వారాల తర్వాత ఇచ్చారు.

రైలు టైముకే వచ్చింది, బస్సు టైముకే వెళ్ళింది, బయట రోడ్డు నాలుగు లైన్లది. ఎవరి లెక్కలో చూసినా ఆ రోజు ఏ తప్పూ జరగలేదు. మా అమ్మ మాత్రం డాక్టర్ దగ్గరికి చేరలేదు.

ఇంటికొచ్చి ఆన్‌లైన్‌లో కంప్లైంట్లు పెట్టా. లిఫ్ట్ గురించి పెడితే పరిశీలిస్తాం అన్నారు. డివైడర్ గురించి పెడితే అది స్థానిక సంస్థ పరిధి అన్నారు, స్థానిక సంస్థ వాళ్ళేమో ఆ రోడ్డు మా చేతిలో లేదు హైవే వాళ్ళది అన్నారు. ఒక పావుగంట అటూ ఇటూ జరిపితే రైలు దిగినవాళ్ళకి బస్సు అందుతుంది కదా అని రాస్తే, రైళ్ళ టైమింగులు మా షెడ్యూల్ తయారీలో చూడం అని జవాబు. ఇక గుర్తు చేస్తూ పెట్టిన రెండో విడత కంప్లైంట్లన్నీ పరిష్కరించబడినవి అని మెసేజ్‌లు వచ్చి మూతపడ్డాయి. ఎవరికి వారే యమునా తీరే.

మీరు చేసినవి లేవని నేను అనట్లేదు. 1853 ఏప్రిల్ 16న బోరీబందర్ నుంచి ఠాణే దాకా 34 కిలోమీటర్లు నడిచిన రైలు ఇవాళ 68 వేల కిలోమీటర్ల పైచిలుకు దారిలో తిరుగుతోంది. హైవేలు లక్షా నలభై వేల కిలోమీటర్లు దాటాయి. 2014లో 74 ఉన్న ఎయిర్‌పోర్టులు ఇప్పుడు 150 పైనే. 2016 చట్టంతో జాతీయ జలమార్గాలు 111 అయ్యాయి. దేనికది చూస్తే గొప్పే. 2021 అక్టోబర్ 13న గతిశక్తి మొదలెట్టి ఏ శాఖ ఎక్కడ ఏం కడుతోందో అందరికీ ఒకే మ్యాప్‌లో కనపడాలి అన్నారు కూడా. కానీ ఆ మ్యాప్ గురించి మీరు ఎప్పుడు మాట్లాడినా కంటైనర్ గురించి, బొగ్గు గురించి వింటున్నా గానీ, చంకలో బిడ్డ, నెత్తి మీద మూట పెట్టుకుని ఒక బండి దిగి ఇంకో బండి ఎక్కాల్సిన మనిషి గురించి వినట్లేదు. రెండు పట్టాలు కలిసేచోట ఫిష్‌ప్లేట్ వేసి బోల్టులు బిగిస్తారు, గ్యాంగ్‌మన్ రోజూ నడిచి అది చూస్తాడు. స్టేషన్‌కీ బస్టాండ్‌కీ, రేవుకీ రోడ్డుకీ, ఎయిర్‌పోర్టుకీ ఊరికీ మధ్య ఆ ఫిష్‌ప్లేట్ లేదు, చూసే గ్యాంగ్‌మన్ అసలే లేడు. నా గొడవంతా ఇదే.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. రాకేశ్ మోహన్ గారి అధ్యక్షతన వేసిన జాతీయ రవాణా అభివృద్ధి విధాన కమిటీ పదేళ్ళ కిందటే, 2014 నాటికే రిపోర్టు ఇచ్చింది, చివరికి ఈ శాఖలన్నీ కలిసి ఒకే రవాణా మంత్రిత్వ శాఖ ఉండాలని అందులో ఉంది. దానికి ముందే 2009లో ఉన్న షిప్పింగ్, రోడ్డు రవాణా శాఖని రెండు ముక్కలు చేసుకున్నాం. కలపాల్సింది పోయి విడగొట్టుకున్నాం అన్నమాట. సరే, శాఖలు కలుపుతారో లేదో మీ ఇష్టం, పెద్దవాళ్ళ విషయం. నాకు కావల్సినవి ఇంకా చిన్నవి, వరసగా రాస్తున్నా.

1. ప్రతి పెద్ద స్టేషన్ చుట్టూ ఒక కిలోమీటరు దాకా ఉన్న దారికి ఒకే ఆఫీసర్ బాధ్యుడు కావాలి. లిఫ్ట్, మెట్లు, ఫుట్‌పాత్, రోడ్డు దాటే చోటు, ఆటో స్టాండ్, ఆ దారిలో లైట్లు, అన్నీ. ఆ ఆఫీసర్ పేరు, ఫోన్ నంబర్ స్టేషన్ గేటు దగ్గర బోర్డు మీద ఉండాలి. లిఫ్ట్ చెడిపోతే ఎప్పటికి బాగవుతుందో తేదీ రాసి పెట్టాలి, తేదీ లేని అట్టముక్కలు వద్దు. మోకాళ్ళ నొప్పులవాళ్ళు, గర్భిణులు, వీల్‌చైర్ వాళ్ళు, ఆపరేషన్ అయి వెళ్ళేవాళ్ళు ఎంతమంది ఆ మెట్ల కింద నిలబడి పైకి చూస్తుంటారో ఒక్క రాత్రి వచ్చి చూడండి.

ఇంకోటి, 2019 ఏప్రిల్ నుంచి రైల్వే వాళ్ళు ఒక మంచి పని చేశారు, రెండు రైళ్ళ పీఎన్ఆర్‌లు లింక్ చేసుకుంటే మొదటి రైలు లేటై రెండోది అందకపోయినా ప్రయాణం చెయ్యని భాగానికి డబ్బులు వెనక్కిస్తారు. అంటే లింక్ చెయ్యడం చేతకాని పనేం కాదు కదా. మరి అదే రైలుకీ ఆర్టీసీ బస్సుకీ ఎందుకు చెయ్యకూడదు, రైలుకీ విమానానికీ ఎందుకు చెయ్యకూడదు. రైలు మూడు గంటలు లేటై విమానం వెళ్ళిపోతే, గల్ఫ్‌కి పోయే కుర్రాడు అప్పు చేసి కొన్న టికెట్ నీళ్ళపాలు, రెండు శాఖలూ మాకు సంబంధం లేదంటాయి.

2. బైపాస్ దగ్గర దింపేయడం ఆపాలి. ఇది ప్రయాణం చేసేవాళ్ళందరికీ తెలిసిన బాధే. హైవే వచ్చాక ఊళ్ళన్నిటికీ బైపాస్‌లు పడ్డాయి, బస్సులకి టైము కలిసొచ్చింది, సంతోషం, కానీ రాత్రి రెండింటికి మూడింటికి ఊరి బయట ఫ్లైఓవర్ కింద దింపేసి పోతారు. లైటు ఉండదు, కూర్చోడానికి అరుగు ఉండదు, ఊళ్ళోకి నాలుగైదు కిలోమీటర్లు. హాస్టల్ నుంచి ఇంటికొచ్చే ఆడపిల్ల కోసం తండ్రి బండేసుకుని వచ్చి అక్కడ చీకట్లో గంట నుంచి నిలబడి ఉంటాడు, అలా నిలబడ్డవాళ్ళని నేను ప్రతి ట్రిప్పులో చూస్తా, బస్సు ఆగగానే పరిగెత్తుకుంటూ రోడ్డుకి అడ్డం పడి వస్తారు.

అలా అడ్డం పడటంలోనే ప్రాణాలు పోతున్నాయి. మీ సొంత లెక్కల్లోనే 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు, అంటే గంటకి 19 మంది. అందులో దాదాపు 45 శాతం టూవీలర్ వాళ్ళు, ప్రతి ఐదుగురిలో ఒకరు నడిచి వెళ్ళేవాళ్ళు. కారులో ఉన్నవాళ్ళకి కట్టిన రోడ్డు మీద కారు లేనివాళ్ళు చచ్చిపోతున్నారు, ఇంతకంటే మెత్తగా చెప్పడం నాకు రాలేదు. టోల్‌గేట్ కట్టడం ఎప్పుడూ ఆలస్యం కాదు, అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు మాత్రం 'రెండో దశ'లో ఉంటాయి. అవి పూర్తయ్యాకే టోల్ వసూలు మొదలవ్వాలి. బైపాస్ మీద బస్సు ఆగే ప్రతి చోటా లైటు, షెడ్డు, రోడ్డు దాటే దారి ఉండాలి, అవి లేనిచోట బస్సు ఆపకూడదు, ఊళ్ళోకి వెళ్ళాల్సిందే.

3. నీళ్ళ సంగతి కొంచెం ఎక్కువ రాస్తా ఏమనుకోకండి, ఎందుకంటే దీని గురించి అడిగేవాడు తక్కువ.

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో తవ్విన కాలవలు పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా. లాకులు అందుకే కట్టారు. గోదావరి నుంచి ఏలూరు కాలవ మీదుగా కృష్ణకి, అక్కడి నుంచి కొమ్మమూరు కాలవ, బకింగ్‌హామ్ కాలవల్లో మద్రాసు దాకా ధాన్యం పడవల్లో వెళ్ళేది. ఆ దారినే 2008లో 4వ నంబర్ జాతీయ జలమార్గం అన్నారు. 2017లో ముక్త్యాల - విజయవాడ మధ్య కృష్ణలో మొదటి దశకి శంకుస్థాపన కూడా అయింది. ఇప్పుడు ఆ కాలవల గట్ల మీద నడిచి చూడండి, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ కవర్లు, తుప్పు పట్టిన లాకు తలుపులు. దేశం మొత్తం సరుకులో నీళ్ళ మీద వెళ్ళేది రెండు శాతం దగ్గరే ఉంది. మనకంటే ముందు పుట్టినవాళ్ళు నేర్చుకున్న పని మనం మర్చిపోయాం. 111 జలమార్గాలు చట్టంలో రాసుకున్నారు బానే ఉంది, అందులో నిజంగా బోటు తిరిగేవి ఎన్ని, లోతు తవ్వింది ఎక్కడెక్కడ, మిగతావి ఎప్పటికి, ఒక పేజీలో జనానికి అర్థమయ్యేలా చెప్పండి.

సరుకు సంగతి పక్కనపెట్టి మనుషుల సంగతి చూద్దాం. కాకినాడ - కోటిపల్లి రైలు మార్గం 1928లో వేశారు, యుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు పీకి పట్టుకెళ్ళారు, మళ్ళీ వెయ్యడానికి 2004 దాకా పట్టింది. అరవై నాలుగేళ్ళు! కోటిపల్లి నుంచి నరసాపురం దాకా 57 కిలోమీటర్లు 2000-01లో మంజూరైంది, అప్పటి లోక్‌సభ స్పీకర్ బాలయోగి గారు దానికోసం ఎంత తిరిగారో కోనసీమలో ఎవర్నడిగినా చెప్తారు, ఆయన 2002లో హెలికాప్టర్ కూలి పోయారు, పాతికేళ్ళు వచ్చినా రైలు నది దాటలేదు. గోదావరిలో స్తంభాలు నిలబడి ఉన్నాయి, వాటి పక్కనుంచే జనం పంటు (బల్లకట్టు లాంటి పడవ) మీద రేవు దాటుతున్నారు. నరసాపురం - సఖినేటిపల్లి రేవులో అయితే మోటార్ సైకిళ్ళు, కార్లు, స్కూల్ పిల్లలు, చేపల బుట్టలు అన్నీ ఒకే పంటు మీద. వరద వచ్చిందంటే పంటు ఆగిపోతుంది, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళాలి, నొప్పులొస్తున్న మనిషిని పట్టుకుని అలా తిరగడం ఎలా ఉంటుందో రాయడం నా వల్ల కాదు.

2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూద్దామని వెళ్ళిన బోటు కచ్చులూరు దగ్గర మునిగి పదుల మంది పోయారు. నది వరదలో ఉన్న రోజు అది. బోటుని పైకి తీసింది నెల దాటాక అక్టోబర్ 22న, అది కూడా కాకినాడ నుంచి వచ్చిన స్థానిక టీం వాళ్ళు లంగర్లు, తాళ్ళు వేసి తీశారు. అంటే నది తెలిసినవాళ్ళు మన దగ్గరే ఉన్నారు, ముందు అడగం అంతే. ఆ తర్వాత 1917 నాటి చట్టం తీసేసి 2021లో కొత్త ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం తెచ్చారు. మంచిదే. కానీ చట్టం రేవు దాకా రావాలి కదా. రేవులో ఎంతమంది ఎక్కాలో పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి, లైఫ్ జాకెట్లు మూటకట్టి పడవ మూల పడేసి కాకుండా ఒంటి మీద ఉండాలి, నీటి మట్టం ఇంత దాటితే సరంగు తాళం తియ్యకూడదు, టూరిస్ట్ బోటుకి ఒక రూలు పల్లె పడవకి ఇంకో రూలు ఉండకూడదు. వంతెన లేని ప్రతి రేవుకీ వంతెన ఎప్పుడో చెప్పండి, లేదా ఇక్కడ వంతెన రాదు అనైనా చెప్పండి, శంకుస్థాపన రాళ్ళు చూసి చూసి విసుగొచ్చింది.

4. గాల్లో సంగతి. 2017 ఏప్రిల్ 27న, చిన్న ఊళ్ళకీ విమానాలు నడిపే ఉడాన్ పథకం మొదలైన రోజే మన కడప - హైదరాబాద్ కూడా మొదలైంది, హవాయి చెప్పులేసుకున్నవాడు కూడా విమానం ఎక్కాలన్నారు, గంట ప్రయాణానికి సగం సీట్లు 2,500 రూపాయలకే అన్నారు. 2023లో ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఏం చెప్పిందో మీకు తెలుసు: ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు, మొదలైన 371లో మూడేళ్ళ రాయితీ కాలం పూర్తిగా నడిచినవి 112, ఆ తర్వాత 2023 మార్చి నాటికి కూడా నిలబడినవి 54. విమానం ఎందుకు ఆగిపోయిందో ఆ ఊరివాళ్ళకి ఎవరూ చెప్పరు, ఒకరోజు యాప్‌లో కనపడదు అంతే. టెర్మినల్ బిల్డింగ్ మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. రూట్ ఆపేముందు మూడు నెలలు నోటీస్ ఇవ్వాలి, కారణం రాతపూర్వకంగా చెప్పాలి.

ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి దారి ఇంకో కథ. శంషాబాద్ ఎయిర్‌పోర్టు 2008లో తెరిచారు, ఇప్పటికీ టెర్మినల్ దాకా రైలు గానీ మెట్రో గానీ లేదు. హైదరాబాద్ లాంటి చోటే ఇలా ఉంటే చిన్న ఎయిర్‌పోర్టుల సంగతి చెప్పేదేముంది, గేటు బయటికొస్తే ట్యాక్సీవాళ్ళు చెప్పిందే రేటు. కొత్త ఎయిర్‌పోర్టుకి పర్మిషన్ ఇచ్చే కాగితంలోనే బస్సు ఎన్నింటికి, రైలు ఎప్పటికి అని ఉండాలి, అవి లేకపోతే రిబ్బన్ కట్ చెయ్యకూడదు.

5. రైళ్ళలో సీనియర్ సిటిజన్ల రాయితీ తిరిగి ఇవ్వండి. 60 దాటిన మగవాళ్ళకి 40 శాతం, 58 దాటిన ఆడవాళ్ళకి 50 శాతం ఉండేది, 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి తీశారు, కరోనా పోయింది రాయితీ రాలేదు. కనీసం స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో అయినా ఇవ్వమని పార్లమెంట్ స్థాయీ సంఘం కూడా చెప్పింది. అందరికీ టికెట్‌లో 46 శాతం భరిస్తున్నాం అని మీ జవాబు. పెన్షన్ లేని ముసలాయన ఆ లెక్కతో ఏం చేసుకుంటాడండీ.

6. జనరల్ బోగీలు పెంచండి. వందే భారత్ కిటికీలు చాలా బాగున్నాయి, నేనూ ఎక్కా, కాదనను. కానీ పండగకి ఊరెళ్ళే మేస్త్రీ, కూలీ ఆ కిటికీలోంచి బయటికి చూడట్లేదు, బాత్రూం పక్కన ఒంటికాలి మీద పద్నాలుగు గంటలు నిలబడుతున్నాడు. కరోనా తర్వాత ఎత్తేసిన చిన్న స్టేషన్ల హాల్టులు కూడా ఏవేవి తిరిగిచ్చారో ఏవి ఇవ్వలేదో లిస్టు పెట్టండి. హాల్టు పోతే ఆ ఊళ్ళో పాలమ్ముకునేవాడికి, కాలేజీ పిల్లకి రోజుకి రెండు ఆటోలు అదనం.

7. ఒకే కార్డు అని 2019 మార్చి 4న నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు మొదలెట్టారు. కొన్ని మెట్రోల్లో నడుస్తోంది. మన పక్క పల్లెవెలుగు బస్సులో ఆ కార్డు చూపిస్తే కండక్టర్ నవ్వుతాడు, చిల్లర లేదా అంటాడు. బస్సు, లోకల్ రైలు, మెట్రో, పంటు అన్నిటిలో పనికొస్తేనే ఒకే కార్డు అవుతుంది గానీ ఇప్పుడున్నది ఇంకో కార్డు, అంతే.

ఇవన్నీ రేపటికి రేపు అయిపోవాలని అడిగేంత అమాయకుణ్ణి కాదు. నెలలో సగం రోజులు పని మీద ప్రయాణాల్లోనే ఉంటా, ఏది ఎంత కష్టమో కొంత తెలుసు. వంతెనకి డబ్బు కావాలి, రైలు మార్గానికి భూమి కావాలి. కానీ మొదటి పాయింట్‌లో అడిగినదానికి ఒక జీవో, ఒక బోర్డు, ఒక ఫోన్ నంబర్ చాలు. బస్సు టైము పావుగంట జరపడానికి అది కూడా అక్కర్లేదు, డిపో మేనేజర్ గారు స్టేషన్ మాస్టర్ గారికి ఒక ఫోన్ చేస్తే చాలు, ఇద్దరి ఆఫీసుల మధ్య కూడా అదే ఏడు నిమిషాల దూరం.

అరవై రోజులు ఆగుతా. ఈ లోపు నాలుగు శాఖల నుంచి నాలుగు జవాబులు కాకుండా అందరూ కలిసి సంతకం పెట్టిన ఒక్క జవాబు పంపండి. రాకపోతే పైన రాసిన ఏడు పాయింట్లకీ విడివిడిగా సమాచార హక్కు కింద దరఖాస్తులు పెడతాం, మాతోపాటు ఇదే దారిలో తిరిగేవాళ్ళు ఇప్పటికే సంతకాలు పెడుతున్నారు. ఈ లెటర్ చదివిన మీరెవరైనా సరే, మీ ఊరి స్టేషన్ బయట దారి ఎలా ఉందో, మీ బైపాస్ దగ్గర లైటు ఉందో లేదో, మీ రేవులో లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో ఫోటో తీసి పెట్టండి, అవి కూడా దరఖాస్తులకి జత చేస్తాం.

అమ్మకి మళ్ళీ టోకెన్ వచ్చే నెల ఉంది. అదే రైలు, అదే మూడో ప్లాట్‌ఫాం. మొన్న పని మీద ఆ స్టేషన్‌లో దిగినప్పుడు లిఫ్ట్ వైపు వెళ్ళి చూసా, అట్టముక్క మార్చి కొత్తది కట్టారు. తేదీ మాత్రం రాయలేదు.

ఇట్లు,
మీ నాలుగు శాఖలకీ టికెట్ డబ్బులు, టోల్, పన్నులు క్రమం తప్పకుండా కడుతున్న
ఒక ప్రయాణికుడు